ఫురానో నగరాన్ని చూడదలచిన వారికి

జపాన్‌లోని హొక్కాయిదో ద్వీపం నడిమధ్యన, ఉల్లి, క్యారెట్, ఖర్బూజా పొలాల మధ్య ఉన్న చిన్న నగరం ఫురానో. ముందుగా నెల ఎంచుకోండి. లావెండర్ పూలు జులై నడుమ నిండుగా ఉంటాయి. ఆగస్టులో వెళితే చాలా తోటల్లో కోత ముగిసి ఉంటుంది. జులై 28, 29 తేదీల్లో, పొట్టలపై ముఖాలు గీసుకుని జనం వీధుల్లో నాట్యమాడే బొడ్డు పండుగ కూడా చూడవచ్చు.

విమానంలో అసహికావా చేరి, అక్కడి నుంచి ఫురానో రైలు మార్గంలో రండి. షింతోకు వైపు నుంచి వచ్చే మార్గం 2024లో మూతపడినందున పాత గైడు పుస్తకాలను నమ్మవద్దు. పక్కనే ఉన్న నకఫురానోలోని తొమితా తోటకు ప్రవేశ రుసుము లేదు. కృత్రిమ సుగంధాల పోటీకి లావెండర్ సాగు కుదేలైనప్పుడు, 1976 నాటి రైల్వే క్యాలెండర్‌లో అచ్చయిన ఒక్క ఫోటో ఈ తోటకు సందర్శకులను రప్పించింది.

కారు అద్దెకు తీసుకుంటే మనకు అలవాటైన ఎడమవైపు ప్రయాణమే. అయితే భారత్‌లోనే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకుని వెళ్ళాలి.

ఎట్టి పరిస్థితుల్లోనూ పొలంలో కాలు పెట్టవద్దు. బూట్ల మట్టితో పంట తెగుళ్లు వ్యాపిస్తాయి. పొరుగున ఉన్న బియేలో, ఫోటోల కోసం వచ్చినవారు పొలం తొక్కడంతో విసిగిన రైతు, పేరుపొందిన ఒక చెట్టును 2016లో పడగొట్టించాడు. నా దృష్టిలో తప్పు అతనిది కాదు.