మిద్దె మీద ఇసుకతో మొదలుపెట్టండి, సిమ్యులేషన్ తర్వాత

అద్దాలతో ఎండను ఒక టవర్ మీదికి మళ్లించే సోలార్ టవర్ ప్లాంట్లలో వేడిని దాచే కరిగిన ఉప్పు 565 డిగ్రీల సెల్సియస్ దాటితే విడిపోవడం మొదలవుతుంది, అందుకే ఉప్పుకు బదులు సన్నటి బాక్సైట్ గింజల్ని తెరలా జారవిడిచి, అద్దాల వెలుగులో 700 డిగ్రీల పైకి కాల్చే పద్ధతి మీద అమెరికాలోని శాండియా ల్యాబ్ ఏళ్లుగా పనిచేస్తోంది. ఆ గింజలు ఎంత సమంగా పడతాయన్నది అక్కడ పెద్ద ప్రశ్న. దాని మొదటి పాఠం తిరుపతిలో మన మిద్దె మీదే నేర్చుకోవచ్చు.

రెండు కిలోల స్వర్ణముఖి ఇసుకను కడిగి, జల్లించి, అర మిల్లీమీటరుకు అటూఇటూ ఉన్న గింజలే ఉంచుకోండి. ఎండబెట్టడం మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. కార్తీకంలో వాన పట్టిన వారం నేను తీసిన కొలతలన్నీ పారేయాల్సి వచ్చింది: చేతికి పొడిగానే తగిలిన ఇసుక రంధ్రం పైన గూడు కట్టి ఆగిపోయేది, డబ్బాను వేలితో తడితే గుప్పున పడేది. పెనం మీద వేయించి చల్లార్చాక దారంలా తెగకుండా జారింది.

ముందు కుప్ప పోసి, ఎత్తును అడుగు వ్యాసార్ధంతో భాగించి, వచ్చినదానికి కాలిక్యులేటర్‌లో tan⁻¹ నొక్కి వాలు కోణం రాసుకోండి. తర్వాత చదును అడుగున్న డబ్బాకు 10 మిల్లీమీటర్ల రంధ్రం పెట్టి, కింద డిజిటల్ త్రాసు మీద గిన్నె ఉంచి, ఫోన్‌లో వీడియో తీయండి. రంధ్రం సైజు, గింజ సైజులను బట్టి గింజల ప్రవాహాన్ని అంచనా వేసే బెవర్లూ సూత్రం ప్రకారం సెకనుకు సుమారు 23 గ్రాములు రావాలి. డబ్బాలో ఇసుక సగమైనా ఈ వేగం దాదాపు మారదు, నీళ్లయితే తగ్గిపోతుంది. రంధ్రం 5 మిల్లీమీటర్లు చేస్తే ప్రవాహం ఏడో వంతుకు పడిపోతుంది, నమ్మకపోతే కొలిచి చూడండి!

ఇప్పుడు మోడల్, అంటే ఒక్కో గింజ కదలికను కంప్యూటర్‌లో లెక్కగట్టే సిమ్యులేషన్. దానికి వాడే సాఫ్ట్‌వేర్లు ఎంఫిక్స్ (MFiX), లిగ్‌గ్‌ట్స్ (LIGGGHTS) రెండూ ఉచితమే. కిలో ఇసుకంటే దాదాపు 58 లక్షల గింజలు, ల్యాప్‌టాప్ మోయలేదు, కాబట్టి 100 గ్రాములే తీసుకుని గింజను 1 మిల్లీమీటరు చేయండి, 72 వేలతో సరిపోతుంది. అయితే గింజ పెద్దదైనందుకే ప్రవాహం 19 గ్రాములకు తగ్గుతుంది, అది మోడల్ తప్పు కాదు. రోలింగ్ ఫ్రిక్షన్‌ను, అంటే గింజ దొర్లకుండా అడ్డుపడే రాపిడిని, కుప్ప కోణం కుదిరేదాకా సర్దండి, ఆపైన ఏదీ ముట్టుకోకుండా ప్రవాహం చూడండి. రెండిటికీ సర్దితే అది పరీక్షే కాదు.

ఇదే ఇసుకను కొలిమిలో పెట్టి వేడి పరీక్ష చేయొద్దు. 573 డిగ్రీల దగ్గర క్వార్ట్జ్ స్ఫటికం అమరిక మారి ఉబ్బుతుంది, గింజలు పగులుతాయి. దానికి ముదురు రంగు బాక్సైట్ గింజలు సంపాదించి, కుప్ప కోణం నుంచి మళ్లీ కొలవాలి.