లాసిక్ చేయించుకున్న కంటికి శుక్లం ఆపరేషన్: లెన్స్ పవర్ ఎక్కడ తప్పుతుంది?

శుక్లం ఆపరేషన్‌లో వేసే లెన్స్ పవర్ కోసం కంటిని కొలిచే బయోమెట్రీ కుర్చీలో కూర్చున్నవారిని "ఇంతకుముందు కంటికి ఆపరేషన్ జరిగిందా?" అని అడిగితే లేదనే అంటారు. కళ్లద్దాలు పోవడానికి కార్నియాను (కంటి ముందున్న పారదర్శక పొర) లేజర్‌తో సరిచేసే లాసిక్ వాళ్ల లెక్కలో ఆపరేషన్ కాదు, "పెళ్లికి ముందు పవర్ తీయించుకున్నా" అంతే. అందుకే నేను "చిన్నప్పుడు కళ్లద్దాలు ఉండేవా? ఎలా పోయాయి?" అని అడుగుతాను. కన్ను పొడవు 26 మి.మీ. ఉండి, 43, 44 దగ్గర ఉండాల్సిన కె రీడింగ్ (కార్నియా వంపును బట్టి వచ్చే పవర్) 38 చూపిస్తే, ఆయన చెప్పకపోయినా మిషన్ చెప్పినట్టే.

సమస్య: ఆపరేషన్ తర్వాత దూరం మసక, దగ్గర మరీ మసక. పరీక్షలో ప్లస్ పవర్ వస్తోంది.

కారణం: వేసిన లెన్స్ పవర్ తక్కువైంది. మైనస్ పవర్‌కి చేసే లాసిక్ కార్నియా ముందు వైపును మాత్రమే చదును చేస్తుంది. కె రీడింగ్ తీసే కెరటోమీటర్ ముందు వంపు కొలిచి, వెనక వంపు పాత నిష్పత్తిలోనే ఉందనుకుని, 1.3375 అనే స్థిరాంకంతో లెక్క కట్టేస్తుంది. పైగా అది కొలిచేది సుమారు 3 మి.మీ. వలయం దగ్గర. బాగా చదునైన చోటు దాని లోపల ఉంటుంది. దాంతో కార్నియా పవర్ ఉన్నదానికంటే ఎక్కువగా కనబడుతుంది. ఇది చాలనట్టు, లెన్స్ పవర్ లెక్కించే ఎస్‌ఆర్‌కే/టీ లాంటి మామూలు ఫార్ములాలు చదునైన కార్నియాను చూసి లెన్స్ ముందుకు కూర్చుంటుందని అనుకుంటాయి. ముందున్న లెన్స్‌కు తక్కువ పవర్ చాలు కదా, మళ్లీ తగ్గిస్తాయి. మూడు తప్పులూ ఒకే వైపు లాగుతాయి.

పరిష్కారం: లాసిక్ అయిన కళ్ల కోసం ఉన్న బారెట్ ట్రూ-కె, హైగిస్-ఎల్, షమ్మాస్ ఫార్ములాలతో లెక్కించి పక్కపక్కన పెట్టి చూడండి. లాసిక్‌కు ముందు, తర్వాత పవర్ రాసిన పాత చీటీ బీరువాలో దొరికితే బంగారమే, దొరక్కపోయినా ఇవి పనిచేస్తాయి. ఫలితాల మధ్య తేడా ఉంటే నేను ఎక్కువ పవర్ వైపే మొగ్గుతాను. ఆపరేషన్ తర్వాత మిగలాల్సిన పవర్ గురి -0.5 దగ్గర పెడితే తప్పినా ఫోనైనా చదువుకోగలరు.

ఇప్పటికే ప్లస్ వచ్చిందా? కొద్దిపాటిదైతే అద్దాలు చాలు. ఎక్కువైతే లెన్స్ మార్చడమో, దాని ముందు ఇంకో లెన్స్ వేయడమో సర్జన్ తేలుస్తారు. అది తేలేదాకా యాగ్ లేజర్ (లెన్స్ వెనక పొర మసకబారితే దానికి రంధ్రం చేసేది) జోలికి పోకూడదు. వెనక పొరకు రంధ్రం పడ్డాక లెన్స్ మార్చడం చాలా కష్టం.

సమస్య: ప్లస్ కాదు, మైనస్ వచ్చింది.

పాత లాసిక్ ప్లస్ పవర్‌కి చేసిందేమో చూడండి. అప్పుడు లెక్క తిరగబడుతుంది.

సమస్య: కొలిచిన ప్రతిసారీ కె వేరుగా వస్తోంది.

చాలావరకు కన్ను పొడిబారడమే కారణం. ముందు దానికి వైద్యం చేసి, ఆ తర్వాత మళ్లీ కొలవాలి.

సమస్య: పొద్దున ఒక పవర్, సాయంత్రం ఇంకోటి.

1980, 90ల్లో ఆర్‌కే (మైనస్ పవర్ తగ్గించడానికి కార్నియాపై బ్లేడుతో కోతలు పెట్టే పాత ఆపరేషన్) కోతలు పడిన కన్ను అది. శుక్లం ఆపరేషన్ తర్వాత ఆ పాత కోతలు ఉబ్బి, కార్నియా ఇంకా చదునై, మొదట్లో బాగా ప్లస్ చూపిస్తుంది. చాలావరకు నెలల్లో అదే తగ్గుతుంది. రీడింగ్ నిలకడగా వచ్చేదాకా, రెండు మూడు నెలలైనా సరే, లెన్స్ మార్చాలని టెన్షన్ పడొద్దు.