కయాక్‌తో చెరువులోని చెత్తను ఎలా తీయాలి?

హైదరాబాద్ చెరువుల్లో గట్టు మీది నుంచి కనిపించే చెత్త కంటే గుర్రపుడెక్క అంచుల్లో చిక్కుకున్న చెత్తే ఎక్కువ. గట్టు మీద నిలబడినవారికి అది అందదు. చెత్త తీసే పెద్ద యంత్రాల పడవలు లోతు తక్కువ ఉన్న చోటికి రాలేవు. మోకాలి లోతు నీటిలోనూ తేలే కయాక్, అంటే తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ, ఒక్కటే అక్కడికి చేరుతుంది. అయితే ఆదివారం ఉదయం ఉత్సాహంగా వచ్చి, నీళ్లు నిండిన సంచిని పక్కకు వంగి లాగబోయి బోల్తా పడేవారిని చూసి చూసి విసుగు పుట్టి, ఈ పనిని చేయవలసిన పద్ధతిలో రాస్తున్నాను.

చెరువు, అనుమతి

ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ తాగునీటి జలాశయాలు కనుక వాటిని వదిలిపెట్టండి. నగరంలోని మూసీలో కయాక్ వేయడం అసలే తగదు: అందులో పారేది చాలావరకు మురుగునీరు, పైగా వానాకాలంలో ఎగువన జలాశయాల గేట్లు ఎత్తితే ప్రవాహం ఒక్కసారిగా పెరుగుతుంది. హుస్సేన్ సాగర్, దుర్గం చెరువుల్లో పడవలు నడిపేవారి నుంచి, కాలనీ చెరువైతే దానిని చూసుకునే శాఖ నుంచి లిఖితపూర్వకంగా అనుమతి తీసుకోండి. అక్కడ చేపలు పట్టే సంఘం వారితో కూడా ముందుగా మాట్లాడండి. వలలు ఎక్కడ వేశారో, నీటి కింద మొద్దులు, పాత గోడలు ఎక్కడ ఉన్నాయో వారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

సామగ్రి

పైన కూర్చుని నడిపే గట్టి ప్లాస్టిక్ కయాక్, ఒక్కరు కూర్చునేది తీసుకోండి. గాలి నింపే రకాన్ని పగిలిన సీసా పెంకు ఒక్కటి చాలు, చీల్చేస్తుంది. ఇద్దరు కూర్చునే రకంలో ఒకరు వంగినప్పుడు రెండోవారు తెలియకుండానే అటే వంగుతారు. లైఫ్ జాకెట్, మోచేతి వరకు వచ్చే రబ్బరు గ్లోవ్స్, పాదాలను పూర్తిగా కప్పే బూట్లు, మొన లేని కత్తెర, పొడవాటి పిడి ఉన్న చేతి వల, చివర కొక్కెం ఉన్న పొట్టి దోటి ఉండాలి. చెత్త వేయడానికి కూరగాయల మార్కెట్లో దొరికే టమాటా ట్రే, దానిలో పరిచిన పాత బియ్యం బస్తా చాలు. ట్రే రంధ్రాల గుండా నీరు కారిపోతుంది. నల్లటి చెత్త కవర్లలో ఆ నీరు నిలిచి బరువు పెరుగుతుంది, అందుకే వాటిని కయాక్ మీదికి తీసుకురావద్దు. నొక్కితే పట్టుకునే కర్రలు రోడ్డు మీది పనికి సరిపోతాయి కానీ, నీటిలో తడిసిన బట్టను అవి పట్టలేవు.

చేతి మీద గానీ కాలి మీద గానీ మానని గాయం ఉన్నవారు ఆ రోజు గట్టు మీదే పని చేయాలి. ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల లెప్టోస్పైరోసిస్ అనే ఎలుక జ్వరం సోకే ప్రమాదం ఉంది.

ఎప్పుడు, ఎక్కడ

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు, మంచు విడిచాక, గాలి లేవక ముందు దిగండి. ఒంటరిగా వద్దు. రెండు కయాక్‌లు వెళ్లాలి, ఒకరు చెత్త తీస్తున్నంతసేపూ మరొకరు చూస్తూ ఉండాలి. నాలా (మురుగు కాలువ) వచ్చి కలిసే చోట, గాలి నెట్టిన ఒడ్డున చెత్త పేరుకుంటుంది. నైరుతి గాలులు వీచిన కాలమంతా తూర్పు, ఈశాన్య ఒడ్లకు కొట్టుకొచ్చినది అక్కడే గుర్రపుడెక్కలో ఉండిపోతుంది. అలుగు మీదుగా నీరు పొర్లుతున్నప్పుడు మాత్రం ఆ దరిదాపులకు పోకండి.

చెత్తను పైకి తీయడం

ప్రమాదాలన్నీ ఇక్కడే జరుగుతాయి. తేలుతున్న ఖాళీ సీసాను ఎవరైనా తీస్తారు. కష్టమంతా సగం మునిగిన పాలిథిన్ సంచితో, చీరతో, పరుపుతో, వలతో వస్తుంది. పది లీటర్ల నీరు నిండిన సంచి నీటిలో ఉన్నంతసేపు చేతికి తేలికగానే తోస్తుంది. దానిని నీటి నుంచి బయటికి లేపిన క్షణంలో పది కిలోల బరువు ఒక్కసారిగా చేతి మీద పడుతుంది. ఆ చెయ్యి కయాక్ అంచుకు బయట చాచి ఉంటే, ఆ బరువు కయాక్‌ను అటు పక్కకు ముంచుతుంది. బలవంతులు కూడా ఇందువల్లే పడతారు, ఎందుకంటే వారు ఇంకా దూరానికి చెయ్యి చాచగలరు.

కాబట్టి ముందుగా కయాక్ ముక్కును గాలికి ఎదురుగా తిప్పి, తీయవలసిన వస్తువు మీ మోకాలి పక్కకు వచ్చేలా మెల్లగా దగ్గరకు చేరండి. గాలి మీ వీపు వైపు నుంచి వీస్తుంటే అది మిమ్మల్ని గుర్రపుడెక్క లోపలికి తోస్తుంది, ఆ తరువాత మీ వెనుక కూడా ఆ తీగలు మూసుకుంటాయి, తెడ్డు వేయడానికి చోటు ఉండదు. తెడ్డును తాడుతో కయాక్‌కు కట్టి తొడల మీద పెట్టుకోండి. వస్తువును దోటి కొక్కెంతో మీ దగ్గరకు లాక్కోవాలే తప్ప, మీరు దాని వైపు వంగకూడదు. దీనికి నేను ఒకే నియమం చెబుతాను: మీ ముక్కు కయాక్ అంచును దాటకూడదు. దాటవలసి వస్తోందంటే మీరు ఇంకా దగ్గరకు రాలేదన్నమాట, వెనక్కి వెళ్లి మళ్లీ రండి.

సంచి దగ్గరకు వచ్చాక దాని అడుగు మూలను కత్తెరతో కోయండి. ఎత్తడానికి ఇంకా తొందరపడకండి. పైమూతిని పట్టుకుని జానెడు జానెడుగా మాత్రమే పైకి లేపుతూ, ప్రతిసారీ లోపలి నీరు కారేవరకు ఆగండి. నిమజ్జనం తరువాత పూజ సామగ్రితో ముడివేసి విసిరిన సంచులు ఇలాగే దొరుకుతాయి: కుళ్లిన బంతిపూలు, అగరబత్తి పెట్టెలు, ఒక్కొక్కసారి గాజు పటం. పటం పగిలి ఉండవచ్చు కనుక సంచిలో చెయ్యి పెట్టి వెతకకండి. చీర, దుప్పటి వంటివాటిని మూరెడు మూరెడుగా లాగుతూ, అంచుకు నొక్కి నీరు పిండి ట్రేలో వేయండి.

వల విషయంలో, రెండో కొన కనిపించనంతవరకు లాగవద్దు. అది ఎవరో వేసిన వల కావచ్చు, లేదా అడుగున మొద్దుకు బిగుసుకుని ఉండవచ్చు. ఏ వస్తువునూ కయాక్‌కు కట్టి లాగకండి. సంక్రాంతి తరువాత నీటి మీద పరుచుకునే మాంజాను చేతికి చుట్టుకోకుండా కత్తెరతో ముక్కలు చేసి చేతి వలతో ఎత్తండి. విగ్రహాల ఇనుప చట్రాలను తాకకండి, చోటు గుర్తుపెట్టుకుని క్రేన్లు నడిపే సిబ్బందికి చెప్పండి.

గుర్రపుడెక్క మొక్కను ఒకదాన్ని పట్టుకుని వేర్లను చేతి వల మీద దులిపి చూడండి. నల్లటి కుచ్చులాంటి ఆ వేర్లలో నుంచి థర్మకోల్ పూసలు, గుట్కా పొట్లాలు, పాల కవర్ల మూలముక్కలు రాలుతాయి. మొక్కను ముక్కలుగా తెంపి నీటిలోకి వదలకండి, తెగిన పిలకలు మళ్లీ పెరుగుతాయి.

ఒకవేళ బోల్తా పడితే, చెత్తను వదిలేసి కయాక్‌ను పట్టుకోండి. లోతు తక్కువే కదా అని నిలబడే ప్రయత్నం చేయవద్దు. అడుగు బురదలో కాలు దిగబడితే తీయడం కష్టం. వెల్లకిలా తేలుతూ, చూస్తున్నవారి కయాక్ వచ్చేవరకు ఆగండి.

గట్టుకు చేరాక

ట్రే మూడు వంతులు నిండగానే ఒడ్డుకు రావాలి. గట్టు మీద తడి, పొడి చెత్తలను వేరు చేయండి. సూదులు, మందు సీసాలు దొరికితే గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత బిగించండి. బల్దియా (నగరపాలక సంస్థ) పారిశుద్ధ్య సిబ్బందితో ముందురోజే మాట్లాడుకుంటే చెత్త తీసుకెళ్లే స్వచ్ఛ ఆటో గట్టు వద్దకే వస్తుంది. అలా మాట్లాడకుండా సంచులను గట్టు మీద వదిలేసి వెళితే, కుక్కలు చింపి, వాన కొట్టి, అవే నాలా గుండా తిరిగి చెరువులో చేరతాయి.

గ్లోవ్స్ తీసే ముందు వాటిని సబ్బుతో కడిగి, తరువాత చేతులు, ముఖం కడుక్కోండి. రెండు మూడు వారాల్లో జ్వరం, కండరాల నొప్పులు వస్తే వైద్యుడికి చెరువు నీటిలో పని చేసినట్లు తప్పక చెప్పండి. కయాక్‌ను మంచినీటితో కడిగి, దానికి అంటిన గుర్రపుడెక్క వేరు ముక్కలన్నీ తీసేసి, పూర్తిగా ఎండబెట్టిన తరువాతే మరో చెరువుకు తీసుకెళ్లండి.