రాత్రి ఏడు గంటల గడి: రాష్ట్రం ఉద్గారాలను సున్నాకు తెచ్చే వరస

సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటర్‌కు ముఖ్యమైన పని లాగ్‌షీటు రాయడం. గంటకోసారి మీటర్ల ముందు నిలబడి, ఏ ఫీడర్ మీద, అంటే ఊళ్లకు కరెంటు మోసుకెళ్లే ఏ లైను మీద, ఎన్ని ఆంపియర్లు పోతున్నాయి, వోల్టేజీ ఎంత, ఫ్రీక్వెన్సీ ఎంత అని గడి గడికీ రాసుకుంటూ పోవాలి. కర్నూలు జిల్లాలో 29 ఏళ్లు ఆ పని చేసి రిటైరయ్యాను.

మా తమ్ముడి కూతురు గ్రూప్స్‌కు చదువుతోంది. ఈ మధ్య ఇంటికొచ్చి, “పెదనాన్నా, ఒక రాష్ట్రం గ్రీన్‌హౌస్ వాయువులను సున్నాకు తేవాలంటే సోలార్, ఈవీలు, చెట్లు అని నోట్సులో ఇచ్చారు. ముందు ఏది చేయాలి, తర్వాత ఏది?” అని అడిగింది. అడగాల్సిన ప్రశ్నే. పనుల పేర్లు అందరూ చెబుతారు. వరస తప్పితే మాత్రం డబ్బు ఖర్చవుతుంది, పొగ తగ్గదు. ఆ పిల్లకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ముందు లెక్క రాయాలి. సున్నా అంటే రాష్ట్రం గాలిలోకి వదిలేదీ, నేలా చెట్లూ తిరిగి పట్టుకునేదీ సమానం కావడం. దేశం మొత్తానికి 2070 గడువు అని 2021 నవంబరులో గ్లాస్గోలో ప్రధాని ప్రకటించారు. రాష్ట్రం అందాకా కూర్చోనక్కర్లేదు, తన ఖాతా తాను తెరవవచ్చు. అందులో కార్బన్ డయాక్సైడ్ ఒక్కటే రాస్తే చాలదు. పశువుల కడుపులోంచీ వరిమళ్లలోంచీ వచ్చే మీథేన్, యూరియా చల్లిన చేలోంచి లేచే నైట్రస్ ఆక్సైడ్, ఏసీల్లోంచి కారిపోయే గ్యాస్ కూడా చేరాలి. వందేళ్ల లెక్కన కిలో మీథేన్ సుమారు 28 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం, కిలో నైట్రస్ ఆక్సైడ్ సుమారు 270 కిలోలకు.

కరెంటు లెక్కను మాత్రం ఏడాది మొత్తంగా వేయకూడదు, గంట గంటకూ వేయాలి. ఇది నేను పట్టుబట్టి చెప్పే మాట. మధ్యాహ్నం మిగిలిన సోలార్ కరెంటును పక్క రాష్ట్రానికి అమ్మి, రాత్రి అంతే బొగ్గు కరెంటు కొనుక్కుంటే, ఏడాది చివర చెల్లుకు చెల్లు అని చూపించవచ్చు. కాగితం మీద సున్నా వస్తుంది. ముద్దనూరు బొగ్గు కరెంటు కేంద్రం పొగగొట్టం మాత్రం ఆరదు. యూనిట్ బొగ్గు కరెంటుకు దగ్గర దగ్గర కిలో కార్బన్ డయాక్సైడ్ అలాగే వెళ్తూ ఉంటుంది.

ఏ గంట దగ్గర చిక్కు ఉందో నా కళ్లతో చూశాను. ఒక ఏప్రిల్ సాయంత్రం, ఐదింటికి టౌన్ ఫీడర్ మీద 110 ఆంపియర్లు రాశాను. ఆరింటికి 140. ఏడు కొట్టేసరికి 190. ఇళ్లలో లైట్లు, కూలర్లు, ఏసీలు, అంగళ్ల బోర్డులు అన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. సరిగ్గా ఆ సమయానికే ఓర్వకల్లు వైపు సోలార్ పలకల మీద ఎండ దిగిపోయింది. పైనుంచి ఫోన్: లోడ్ రిలీఫ్ ఇవ్వండి, అంటే కొన్ని లైన్లకు కరెంటు ఆపండి అని. బ్రేకర్ తీశాను. కిటికీలోంచి చూస్తుంటే వీధి తర్వాత వీధి ఆరిపోయింది. పదో తరగతి పరీక్షలకు చదివే పిల్లలు ఆ వీధుల్లో ఉన్నారని తెలిసే తీశాను. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

అందుకే పగటిని చూసి మురిసిపోవద్దంటాను. శకునాల, గని గ్రామాల దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు 2017లోనే నడకకొచ్చింది. ఎన్‌పీ కుంటలోనూ ఒక పార్కు ఉంది. గాలిమరలైతే అనంతపురం రామగిరి కొండల మీద 1990ల నుంచే తిరుగుతున్నాయి. పగటి కరెంటు మన సీమకు కష్టం కాదు. రాష్ట్రం కొత్తగా పెట్టే ప్రతి సోలార్ మెగావాటుకూ రాత్రికి నిల్వ ఎక్కడ అన్న జవాబు జతచేసి మరీ టెండర్ పిలవాలి.

నిల్వకు మన దగ్గర మంచి దారి కొండలే. పాణ్యం దగ్గర పిన్నాపురంలో కట్టిన పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు 1,680 మెగావాట్లది. కొండ మీద ఒక చెరువు, కింద ఒక చెరువు. ఎండ ఉన్నప్పుడు సోలార్ కరెంటుతో నీళ్లు పైకి తోడతారు, సాయంత్రం వదిలి టర్బైన్లు తిప్పుతారు. ఏటికి అడ్డం కట్టింది కాదు, గోరకల్లు రిజర్వాయర్ నుంచి మొదట నింపుకున్న నీళ్లే పైకీ కిందికీ తిరుగుతాయి, ఆవిరయ్యేదాన్ని మళ్లీ పోసుకుంటారు. పైకి ఎక్కించడానికి 100 యూనిట్లు ఖర్చయితే తిరిగొచ్చేది 75 నుంచి 80. ఆ నష్టాన్ని ముందే లెక్కలో రాసుకుని అంత ఎక్కువ సోలార్ పెట్టాలి. గాలి కూడా కలిసొస్తుంది, కాకపోతే జూన్ నుంచి సెప్టెంబరు దాకానే బలంగా వీస్తుంది. చలికాలం సాయంత్రాలకు చెరువులు, బ్యాటరీలే దిక్కు.

రెండో ఉపాయం నిల్వ కంటే చవక. రాత్రి లోడ్‌ను పగటికి జరపాలి. వ్యవసాయానికి రాత్రి త్రీఫేజ్ ఇచ్చే రోజుల్లో మా తమ్ముడు రెండు గంటలకు లేచి, టార్చీ, కర్ర పట్టుకుని బోరు దగ్గరికి పోయేవాడు. స్టార్టర్ బాక్సులో పాము చుట్టుకుని ఉండటం ఒకసారి చూశాడు. తడి చేత్తో స్టార్టర్ ముట్టుకుని ప్రాణం పోగొట్టుకున్నవాళ్లు మా చుట్టుపక్కల ఊళ్లలోనే ఉన్నారు. ఇప్పుడు తొమ్మిది గంటల కరెంటు పగలే వస్తోంది. ఐదు హార్స్‌పవర్ మోటారు తొమ్మిది గంటలు తిరిగితే సుమారు 33 యూనిట్లు. రాష్ట్రంలో లక్షల మోటార్లు ఎండతో పాటే తిరిగి ఎండతో పాటే ఆగితే అంత బొగ్గు మిగిలినట్టే. వ్యవసాయ ఫీడర్లను విడగొట్టి, సబ్‌స్టేషన్ పక్కనే చిన్న సోలార్ ప్లాంటు పెట్టి నడపాలి. లైను నష్టమూ తగ్గుతుంది. మంచినీటి పంపులు, కోల్డ్ స్టోరేజీలు, ఈవీ చార్జింగ్ కూడా పగలే నడిచేలా, పగటి యూనిట్ చవక, సాయంత్రం యూనిట్ ప్రియం చేయాలి.

సాయంత్రం గడి బొగ్గు లేకుండానే నిండుతుందని తేలాకే బొగ్గు కేంద్రాలు మూసే జోలికి పోవాలి. ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్‌లో 210 మెగావాట్ల యూనిట్లు ఐదు, 600 మెగావాట్లది ఒకటి. బొగ్గు ఇక్కడ పుట్టదు, సింగరేణి లాంటి చోట్ల నుంచి రైళ్లలో రావాలి. పాత యూనిట్లు ముందు, 2018లో వచ్చిన పెద్దది చివర. మూయడం కూడా ఒక్క దెబ్బకు కాదు. పగలు 55 శాతానికి, తర్వాత 40 శాతానికి దించాలి. ఆపై గాలి వీచే నెలల్లో పూర్తిగా ఆపాలి. రెండు వేసవులు దాని అవసరం పడకపోతే అప్పుడు తాళం వేయాలి.

ఇక్కడ ఆపరేటర్‌గా ఒక హెచ్చరిక. గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ నుంచి ఒక్కసారిగా జారిపోకుండా ఆపేది జనరేటర్లలో తిరిగే బరువైన రోటార్లే. దక్షిణ గ్రిడ్ వేరుగా ఉన్న కాలంలో, అంటే 2013 డిసెంబరు ఆఖరున రాయచూరు–సోలాపూర్ లైను కలపకముందు, అది 49 కంటే కిందికి జారితే గుండె దడదడలాడేది. బొగ్గు యూనిట్ పోతే ఆ బరువు కూడా పోతుంది. దక్షిణ ఆస్ట్రేలియా తన చివరి బొగ్గు కేంద్రాన్ని 2016 మేలో మూసింది. అదే సెప్టెంబరులో తుఫాను గాలికి లైన్లు కూలి రాష్ట్రమంతా చీకటైంది. వాళ్లు మళ్లీ బొగ్గుకు పోలేదు. 2017లో పెద్ద బ్యాటరీ పెట్టారు, తర్వాత సింక్రోనస్ కండెన్సర్లు పెట్టారు. బొగ్గు కాల్చకుండా, గ్రిడ్ కరెంటుతోనే రోటార్‌ను తిప్పుతూ ఉంచే యంత్రాలవి. మూసిన చోట లైన్లు, ట్రాన్స్‌ఫార్మర్లు ఎటూ ఉంటాయి కాబట్టి వాటినీ బ్యాటరీలనూ అక్కడే పెట్టాలి. అక్కడి కాంట్రాక్టు కార్మికుల పేర్లను మూసే తేదీ కంటే ముందే రాసుకోవాలి. పర్మినెంట్ ఉద్యోగికి బదిలీ ఉంటుంది, కాంట్రాక్టు మనిషికి ఏమీ ఉండదు.

భూమి విషయంలో అనంతపురం సరిహద్దు దాటగానే కర్ణాటకలో ఉన్న పావగడను చూడాలి. 2,050 మెగావాట్ల పార్కుకు సుమారు 13 వేల ఎకరాలను కొనకుండా, ఎకరాకు ఏడాదికి 21 వేల రూపాయలతో మొదలుపెట్టి కౌలుకు తీసుకున్నారు. రైతు పట్టా రైతుకే ఉంది. అయితే కౌలు పట్టాదారుకు వస్తుంది, ఆ చేలో కూలికి పోయినవాళ్లకు రాదు. వాళ్లకు వేరే ఏర్పాటు ఒప్పందంలోనే ఉండాలి. రోళ్లపాడు గడ్డిభూముల్లో బట్టమేకపిట్టను మా నాన్న చూపించాడు, నేను మా పిల్లలకు చూపించలేకపోయాను. ఆ పక్షికి ఎదుటి తీగ సరిగా కనబడదు, తగిలి చస్తుంది. అలాంటి బీళ్ల మీదుగా లైను గీయకూడదు.

బస్సులు, బైకులు, వంట గురించి ఎక్కువ చెప్పను. లీటరు డీజిల్‌కు సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్, 14.2 కిలోల గ్యాస్ సిలిండర్‌కు సుమారు 42 కిలోలు. కరెంటు శుభ్రపడ్డాక వీటిని కరెంటు మీదికి మార్చడం డబ్బుతో అయ్యే పని.

సిమెంటు అలా కాదు. ఎర్రగుంట్ల, తాడిపత్రి, కొలిమిగుండ్ల వైపు పోయినవాళ్లకు తెలుసు, ఆ నేలంతా సున్నపురాయి. చిన్నప్పుడు మా ఊరి చివర సున్నం బట్టీ ఉండేది. కాల్చిన రాయిని గుంతలో వేసి నీళ్లు పోస్తే కుతకుతా ఉడికి విచ్చిపోయేది. బండినిండా రాయి బట్టీలో వేస్తే సగం పైచిలుకే తిరిగొచ్చేది. మిగతాది ఏమైందని బట్టీ తాతను అడిగితే, “గాలికి పోయింది నాయనా” అనేవాడు. ఆయన అన్నది అక్షరాలా నిజం. స్వచ్ఛమైన సున్నపురాయి 100 కిలోలు కాలిస్తే 56 కిలోల సున్నం మిగులుతుంది, 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది. బట్టీని సోలార్‌తో వేడిచేసినా ఆ 44 కిలోలు పోవాల్సిందే, ఎందుకంటే అది మంటలోంచి కాదు, రాయిలోంచి వస్తోంది. సిమెంటు ఫ్యాక్టరీ పొగలో సుమారు 60 శాతం ఇదే.

కాబట్టి సున్నపురాయిని కాల్చి చేసే క్లింకర్ వాడకాన్నే సిమెంటులో తగ్గించాలి. ఇప్పుడు థర్మల్ బూడిదను 35 శాతం దాకా కలుపుతున్నారు. ముద్దనూరు మూస్తే ఆ బూడిద ఆగిపోతుంది. ఈ ముడిని ముందే చూసుకోవాలి. బూడిద చెరువుల్లో ఉన్నది కొన్నాళ్లు వస్తుంది. ఆలోగా కాల్చిన బంకమట్టి, పచ్చి సున్నపురాయి పొడి కలిపే ఎల్‌సీ3 సిమెంటుకు మారాలి. క్లింకర్‌కు 1,450 డిగ్రీలు కావాలి, మట్టికి 700 నుంచి 850 చాలు. క్లింకర్ సగానికి తగ్గుతుంది, ఉద్గారాలు 40 శాతం దాకా. సర్కారు బడులకు, రోడ్లకు, కాలనీ ఇళ్లకు ఇదే సిమెంటు అని రాష్ట్రం టెండర్లో రాస్తే ఫ్యాక్టరీలు మారతాయి. ఆ పైన మిగిలేదాన్ని గొట్టం దగ్గరే పట్టుకోవాలి. నార్వేలోని బ్రెవిక్ సిమెంటు ఫ్యాక్టరీలో 2025 నుంచి ఏడాదికి 4 లక్షల టన్నులు పట్టి సముద్రం అడుగున దాచే ఏర్పాటు నడుస్తోంది. ఖరీదైన పని, అందుకే చివర.

ఇక చేను. 45 కిలోల యూరియా బస్తా చల్లితే అందులో నత్రజని 21 కిలోలకు కాస్త తక్కువ. దానిలో ఒక శాతం నైట్రస్ ఆక్సైడ్‌గా లేస్తుందని వేసుకున్నా, రెండు గ్యాస్ సిలిండర్లు కాల్చినదానితో సమానం. బస్తా తయారీకి పట్టిన పొగ దీనికి అదనం. రాష్ట్ర ప్రభుత్వపు రైతు సాధికార సంస్థ దాదాపు పదేళ్లుగా నడిపిస్తున్న ప్రకృతి వ్యవసాయం ఇందుకే ముఖ్యం. ఆ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్ వాళ్ల గుల్బెంకియన్ బహుమతిలో వాటా వచ్చింది. మా తమ్ముడు ఆవు పేడ, మూత్రంతో చేసే ఘనజీవామృతం వేసి, వానలకు ముందే నవధాన్యాలు చల్లుతున్నాడు. ఒక్కసారిగా యూరియా మానేయలేదు, ఎకరంతో మొదలుపెట్టాడు. అదే సరైన పద్ధతి.

కేసీ కాలువ కింద వరి వేసేవాళ్లు మడిలో ఎప్పుడూ నీళ్లు నిలపనక్కర్లేదు. చిల్లులు పెట్టిన పైపు ముక్కను మడిలో పాతి, లోపల నీళ్లు నేలమట్టానికి 15 సెంటీమీటర్లు కిందికి దిగాక మళ్లీ తడి పెట్టాలి. పూత సమయంలో మాత్రం నీళ్లు ఉంచాలి. మీథేన్ మూడో వంతు నుంచి సగం దాకా తగ్గుతుంది. కాలువకు నీళ్లు వంతులవారీగా, చెప్పిన రోజున కచ్చితంగా వదిలితేనే రైతు దీనికి ఒప్పుకుంటాడు. మళ్లీ వస్తాయో రావో అనే టెన్షన్ ఉంటే మడి నిండా పట్టి ఉంచుతాడు, తప్పు అతనిది కాదు.

పశువులది, ఇంకా ఎంతో కొంత సిమెంటుది మిగులుతుంది. ఆ మిగులుకే చెట్లు, నేల. బొగ్గుకు బదులుగా చెట్లను లెక్కలో చూపించకూడదు. ఒక కరువు వస్తే అనంతపురం కొండల మీద నాటిన మొక్కల్లో ఎన్ని బతుకుతాయో మనకు తెలియంది కాదు.

ఇదంతా సర్కారు చేసేది, మనకేం పని అనుకోవద్దు. విద్యుత్ నియంత్రణ మండలి ఆఫీసు 2023లో కర్నూలుకు వచ్చింది. ఏటా చార్జీల మీద బహిరంగ విచారణ జరుగుతుంది, ఎవరైనా రాతపూర్వకంగా అభ్యంతరం పంపవచ్చు, వెళ్లి మాట్లాడవచ్చు. మా తమ్ముడి కూతురు ఈసారి రాస్తోంది. మీరూ రాయండి. చార్జీల సంగతితో పాటు ఇదొకటి అడగండి: పోయిన ఏడాది రోజూ రాత్రి ఏడు గంటలకు మన రాష్ట్రం వాడిన కరెంటులో బొగ్గుది ఎంత, వచ్చే ఏడాది అదే గంటకు దాన్ని ఎంతకు దించుతారు?