జేబులో మడత చాకు: తక్కువ ధరలో ఎంపిక, సంరక్షణ

రెండు వేల రూపాయల లోపు మడత చాకు కొనాలనుకునేవారు ముందుగా చూడవలసింది బ్లేడు మెరుపును కాదు, ఆ చాకులో కదిలే భాగాలు ఎన్ని ఉన్నాయన్నది. ఆ ధరకు అమ్మే చాకు మీద తయారీదారు పెట్టగలిగే ఖర్చు చాలా పరిమితం. అందులోంచే నొక్కగానే తెరుచుకునే స్ప్రింగుకూ, నల్లటి పూతకూ, అద్దం పగలగొట్టే ములుకుకూ, పిడి చివర ఇరికించిన బుల్లి టార్చికీ వాటాలు పోతే, అసలైన ఉక్కుకూ, దానిని కాచి చల్లార్చి గట్టిపరిచే పనికీ మిగిలేది స్వల్పమే. సినిమాలో విలన్ చేతికి నప్పే చాకు ఇంటికి వచ్చిన బియ్యం బస్తా పురికొస దగ్గరే చతికిలబడడానికి కారణం ఇదే. అందుకే ఈ ధరలో ఎంత సాదాగా ఉంటే అంత మంచి చాకు అన్నది నా గట్టి అభిప్రాయం.

రోజూ జేబులో ఉండే చాకుతో మనం చేసే పనులు పెద్దవేమీ కావు. కొరియర్ పెట్టెల టేపు కోయడం, జామకాయో పచ్చి మామిడికాయో ముక్కలు చేయడం, నిమ్మకాయ చెక్కలు కోయడం, కరెంటు తీగ మీద తొడుగు తీయడం వంటివాటికి 6 నుంచి 8.5 సెంటీమీటర్ల బ్లేడు చాలు. అంచు సాఫీగా ఉండాలి. రంపపు పళ్ళున్న అంచు తాళ్ళను బాగానే కోస్తుంది గాని, మామూలు సానరాయి మీద దానికి మళ్ళీ పదును పెట్టడం కుదరదు. పొడవు కన్నా మందాన్ని ఎక్కువ పట్టించుకోవాలి. 2 మిల్లీమీటర్లు, ఆ లోపు మందం ఉన్న బ్లేడు మామిడికాయలోకి సులువుగా దిగుతుంది. 4 మిల్లీమీటర్ల బ్లేడు ఎంత పదునుగా ఉన్నా సగం దిగేసరికి కాయను కోయడం మాని చీల్చడం మొదలుపెడుతుంది.

సాదాతనానికి రెండు నమూనాలు ప్రపంచమంతా పేరుపొందాయి. మొదటిది ఫ్రాన్స్‌లోని సవోయ్ ప్రాంతంలో 1890లో పుట్టిన ఒపినెల్. బీచ్ కర్రతో చేసిన పిడి, ఒక బ్లేడు, ఒక ఇరుసు, మెడ దగ్గర చేత్తో తిప్పే ఉక్కు ఉంగరం: అంతే దాని నిర్మాణం. బ్లేడును కదలకుండా పట్టి ఉంచే ఆ ఉంగరం 1955లో వచ్చి చేరింది. ఇందులో 8వ నంబరు సైజు చాకు బ్లేడు 8.5 సెంటీమీటర్లు ఉంటుంది. రెండవది స్విట్జర్లాండ్‌కు చెందిన విక్టోరినాక్స్. కార్ల్ ఎల్సెనర్ ఇబాఖ్ ఊరిలో 1884లో పెట్టిన కార్ఖానా 1891 నుంచి స్విస్ సైన్యానికి చాకులు అందించింది. ఈ సంస్థ చేసే చిన్న చాకుల్లో బ్లేడును పిడి వీపున ఉండే స్ప్రింగు ఒత్తిడే నిలిపి ఉంచుతుంది, లాక్ ఉండదు. వీటికి నకళ్ళు విపరీతంగా ఉన్నాయి కనుక నమ్మకమైన దుకాణంలోనే కొనాలి. ఈ రెండూ వద్దనుకున్నా, మరేదైనా చాకును తూచడానికి ఇవి మంచి కొలబద్దలు.

ఉక్కు విషయంలో బ్లేడు మీద 'స్టెయిన్‌లెస్' అనో 'సర్జికల్ స్టీల్' అనో మాత్రమే ముద్రించి ఉంటే ఏమీ చెప్పనట్టే. అవి రకాల పేర్లు కావు. చైనా చాకుల మీద కనిపించే 3సీఆర్13, 8సీఆర్13ఎంఓవీ వంటి గుర్తులు మాత్రం పనికొచ్చే సమాచారం ఇస్తాయి: మొదటి అంకె కార్బన్‌ను శాతంలో పదో వంతుల్లో, సీఆర్ తరవాతి సంఖ్య క్రోమియాన్ని శాతంలో తెలుపుతాయి. మొదటిదానిలో కార్బన్ సుమారు 0.3 శాతమే కనుక పదును నాలుగు రోజులకే పోతుంది; రెండవదానిలో 0.8 శాతం దాకా ఉండడం వల్ల తక్కువ ధర చాకుకు అది చక్కని ఎంపిక. డీ2 ఉక్కు పదును ఇంకా ఎక్కువ కాలం నిలుపుతుంది గాని, ఇంట్లో రాయి మీద నూరాలంటే చేతులు నొప్పి పుడతాయి. క్రోమియం దాదాపు లేని కార్బన్ ఉక్కు నూరడానికి అన్నిటికన్నా సులువు, అయితే విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో దానిని తుడవకుండా ఒక రాత్రి వదిలేసినా ఎర్రటి తుప్పు చుక్కలు పొడుస్తాయి. కోస్తావారికి స్టెయిన్‌లెస్ రకమే మేలు.

దుకాణంలో చాకును చేతికి తీసుకున్నప్పుడు బ్లేడు తెరిచి, మొనకు దగ్గరగా రెండు వేళ్ళతో పట్టుకుని పక్కలకు, పైకి కిందికి కదిపి చూడాలి. పక్కలకు ఇసుమంత కదలిక ఉంటే ఇరుసు మర బిగించి సరిచేయవచ్చు. పైకి కిందికి కదిలితే లాక్ సరిగా కూర్చోలేదని అర్థం, దానిని అక్కడే వదిలేయాలి. లాక్ ఉన్న చాకైతే బ్లేడు వీపును బల్ల అంచు మీద మెల్లగా ఒత్తి చూడాలి. అలా చేసేటప్పుడు మడతపడే దారిలో వేళ్ళు ఉండకూడదు. చివరగా మడిచిన చాకును వెలుతురుకు పట్టి చూస్తే, బ్లేడు పిడి మధ్యలో ఉందో, ఒక పక్కకు రాసుకుంటోందో తెలిసిపోతుంది.

చట్టం సంగతి కూడా కొనేముందే తెలుసుకోవాలి. 2016 ఆయుధాల నియమాలు 9 అంగుళాల కన్నా పొడవైన లేదా 2 అంగుళాల కన్నా వెడల్పైన బ్లేడున్న కత్తులను ఆయుధాల జాబితాలో చేర్చాయి. ఇంటికి, వ్యవసాయానికి, శాస్త్ర, పారిశ్రామిక పనులకు ఉద్దేశించినవాటిని మినహాయించాయి. మన జేబు చాకు ఈ కొలతలకు చాలా దూరంలోనే ఉంటుంది. ఢిల్లీలో ఉండే తెలుగువారు మాత్రం జాగ్రత్తగా ఉండాలి: అక్కడి 1980 నాటి ప్రకటన ప్రకారం బ్లేడు 7.62 సెంటీమీటర్లు, అంతకు మించి పొడవు, 1.72 సెంటీమీటర్లు, అంతకు మించి వెడల్పు ఉండి, స్ప్రింగుతోనో బటన్‌తోనో తెరుచుకునే చాకుల మీద ఆంక్షలున్నాయి. బ్రిటన్‌లో చదువుకునే పిల్లలకు పంపేవారు, అక్కడ సరైన కారణం చూపనక్కరలేకుండా వెంట ఉంచుకోదగింది లాక్ లేని, అంచు 3 అంగుళాలు మించని మడత చాకు మాత్రమేనని గుర్తుంచుకోవాలి. ఆ లెక్కన ఉంగరం లాక్ ఉన్న ఒపినెల్ అక్కడ జేబులోకి పనికిరాదు. విమానంలో చాకు చెక్-ఇన్ సామానులోనే వెళ్ళాలి. కోర్టులు, మెట్రో స్టేషన్ల వంటి తనిఖీ ఉండే చోట్లకు వెళ్ళే రోజున చాకును ఇంట్లో పెట్టి వెళ్ళడమే తేలిక.

సంరక్షణలో సగం పని తుడవడమే. పులుపు తగిలిన వెంటనే బ్లేడును తడిగుడ్డతో, ఆపైన పొడిగుడ్డతో తుడవాలి. కార్బన్ ఉక్కుతో పచ్చి మామిడికాయ కోస్తే కాసేపటికే బ్లేడు మీద నీలి నలుపు మచ్చలు పడతాయి. వాటికి కంగారు పడనవసరం లేదు, ఆ పొర తుప్పును కొంతవరకు అడ్డుకుంటుంది కూడా. నారింజ ఎరుపు రంగు కనిపిస్తేనే వంటసోడాను తడిచేసి గుడ్డతో రుద్ది తీసేయాలి. ఇరుసులో జేబు నూలు, ఇసుక చేరి చాకు బిరుసుగా కదులుతుంటే, ఇనుముతోనో ప్లాస్టిక్‌తోనో చేసిన పిడి అయితే గోరువెచ్చని నీళ్ళలో ముంచి పదిసార్లు తెరిచి మూయాలి, పూర్తిగా ఆరిన తరవాత ఒక్క నూనె చుక్క వేయాలి. కర్ర పిడిని మాత్రం నీళ్ళలో ముంచకూడదు. వానాకాలంలో గాలి తేమకే బీచ్ కర్ర ఉబ్బి బ్లేడును గట్టిగా పట్టేస్తుంది. అప్పుడు ఉంగరాన్ని తెరిచిన స్థానానికి తిప్పి, పిడి అడుగును బల్ల మీద తట్టితే బ్లేడు కొద్దిగా బయటికి వస్తుంది. సవోయ్ వాసులు తరతరాలుగా చేసేది ఇదే.

నూనె విషయంలో వంటింటి సీసాను ఆశ్రయించకపోవడం మంచిది. నువ్వుల నూనె, వేరుశనగ నూనె కొద్ది వారాల్లో జిగురుగా మారి దుమ్మును పట్టుకుంటాయి, కొబ్బరినూనె చలికాలంలో పేరుకుంటుంది. కుట్టుమిషను నూనె కదలికకు బాగుంటుంది గాని పండ్లు కోసే చాకుకు తగదు. మందుల షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్ జిగురు కట్టదు, తిండికి తగిలినా హాని లేదు. చిన్న సీసా ఏళ్ళ తరబడి వస్తుంది.

పదును పెట్టడానికి హార్డ్‌వేర్ షాపులో దొరికే రెండు వైపుల కార్బొరండం రాయి సరిపోతుంది. రాయి జారకుండా కింద తడిగుడ్డ పరచాలి. నీళ్ళు వాడడం మొదలుపెడితే నీళ్ళే, నూనె వాడితే నూనే; నూనె పీల్చిన రాయి మీద తరవాత నీళ్ళు పనిచేయవు. బ్లేడు వీపును రాయి మీంచి ఎంత ఎత్తాలన్నదే అందరికీ వచ్చే చిక్కు. బ్లేడు వెడల్పులో మూడో వంతు ఎత్తితే దాదాపు 20 డిగ్రీల కోణం వస్తుంది: 2 సెంటీమీటర్ల బ్లేడుకు వీపు కింద సుమారు 7 మిల్లీమీటర్లు. నూరే ముందు అంచు పొడవునా మార్కర్ పెన్నుతో రంగు పూసి రెండుసార్లు లాగితే, రంగు ఎక్కడ చెరిగిందో చూసి కోణాన్ని దిద్దుకోవచ్చు: అంచుకు పైన చెరిగితే ఎత్తు చాలలేదు, అంచు కొసన మాత్రమే చెరిగితే ఎత్తు ఎక్కువైంది. గరుకు వైపున, రాయి మీంచి పలుచని పొర కోస్తున్నట్టు అంచును ముందుకు నెడుతూ, పిడి దగ్గర మొదలుపెట్టి మొన దాకా నూరాలి. కాసేపటికి అవతలి పక్కన అంచు వెంట, అటు ఒరిగిన ఉక్కు సన్నని గరుకుగా తేలుతుంది. బొటనవేలిని వీపు వైపు నుంచి అంచు దాటి బయటికి లాగితే అది తగులుతుంది, అంచు వెంబడి మాత్రం వేలు జరపకూడదు. ఆ గరుకు పొడవునా ఒకేలా వచ్చాకే రెండో వైపుకు మారాలి. తరవాత నున్నటి వైపున అదే పని తక్కువ ఒత్తిడితో చేసి, చివరికి చాకు బరువు తప్ప మరేమీ పెట్టకుండా అటొకసారి ఇటొకసారి లాగాలి. మిగిలిన గరుకును పాత తోలు బెల్టు లోపలి వైపున, ఈసారి వీపు ముందుండేలా లాగి తీసేయాలి. న్యూస్‌పేపరు కాగితం చిరగకుండా సాఫీగా తెగితే పదును వచ్చినట్టే. నడుమ నడుమ కొద్దిగా మొద్దుబారినప్పుడు పింగాణి కప్పు అడుగున పూతలేని అంచు మీద నాలుగైదుసార్లు రాస్తే చాలు.

సానపట్టేవారి తిరుగుడు చక్రానికి మడత చాకును ఇవ్వవద్దు. నీళ్ళు లేని చక్రం మీద నిప్పురవ్వలు ఎగసేటప్పుడు ఆ పలుచని అంచు క్షణాల్లో వేడెక్కుతుంది. అంచు నీలిరంగుకు తిరిగిందంటే ఉక్కులోని గట్టిదనం పోయినట్టే, ఆ మేర అరగదీసి పారేస్తే తప్ప పదును నిలవదు. సాధారణ కత్తిపీటకు సరిపడే ఆ పద్ధతి 2 మిల్లీమీటర్ల బ్లేడు తట్టుకోలేదు.

ఇరుసు మర బిగించినా పైకి కిందికి ఊగే చాకును, లాక్ ఒక్కసారైనా తనంతట తాను జారిన చాకును బాగుచేయించే ప్రయత్నం మానుకోవాలి. బ్లేడుకు గుడ్డ చుట్టి టేపు వేశాకే చెత్తబుట్టలో వేయాలి, లేకపోతే చెత్త ఏరేవారి చేయి తెగుతుంది.