స్మోక్ మీటర్ తప్పు చూపిస్తోందా? ముందు జీరో చూడండి

అనంతపురం బైపాస్ పక్కన పొల్యూషన్ టెస్టు చేసే బళ్లవాళ్లు, డీజిల్ పొగ కొలిచే స్మోక్ మీటర్ చెడిపోయిందని పిలిస్తే నేను అడిగేది ఒక్కటే: ప్రోబ్ (సైలెన్సర్‌లో పెట్టే గొట్టం కొస) బయట పెట్టి జీరో చూశారా, అంటే మంచి గాలిలో మీటర్ సున్నా చూపుతోందా? చూసినవాళ్లు తక్కువ.

బాగున్న డీజిల్ బండి ఫెయిలవుతోంది

ఇంజన్ ఆయిల్ 60 డిగ్రీలకు రాకుండానే టెస్టు చేసుంటారు. లేదా అంతకుముందు వచ్చిన ట్రాక్టర్ మసి మీటర్ గొట్టంలో మిగిలుంటుంది. ఇంజన్ వేడెక్కాక రెండు మూడుసార్లు రేజ్ చేసి సైలెన్సర్‌లో మసి బయటికి పోనివ్వండి. గొట్టం విప్పి గాలి కొట్టండి.

నల్లపొగ కంటికి కనిపిస్తోంది, మీటర్ మాత్రం పాస్ అంటోంది

నన్ను ఎక్కువ తిప్పలు పెట్టింది ఇదే. మీటర్‌లో ఒకవైపు లైటు, రెండోవైపు సెన్సర్, మధ్యలో పొగ. జీరో నొక్కిన క్షణాన సెన్సర్‌కు ఎంత వెలుతురు అందితే, శుభ్రమైన గాలి అంటే అంతే అనుకుంటుంది. లైన్లో బళ్లున్నాయని ప్రోబ్ సైలెన్సర్ పైపులోనే ఉంచి జీరో నొక్కితే, లోపలున్న పొగ కూడా సున్నా కిందికే పోతుంది. ఆ పొగ కే విలువ, అంటే పొగ ఎంత చిక్కగా ఉందో చెప్పే అంకె, 0.5 అనుకోండి. తర్వాత వచ్చే ప్రతి రీడింగులో అంత తగ్గుతుంది. బీఎస్-4 బండికి పరిమితి 1.62. నిజంగా 2.0 వదిలే లారీ 1.5 చూపించి దర్జాగా పాసవుతుంది. ప్రోబ్ బయటే ఉన్నా, పక్క లారీ పొగ మీటర్ మీదికి వస్తుంటే ఇదే గతి.

పట్టుకోవడం సులువు. ప్రోబ్‌ను మంచి గాలిలో పెడితే రీడింగు మైనస్‌లోకి పోతుంది. మైనస్ చూపని మీటర్లో అయితే ఎన్‌డీ ఫిల్టర్ అద్దం (వెలుతురును తెలిసిన మేరకు తగ్గించే అద్దం) లైటుకు అడ్డంగా పెట్టండి, దాని మీద రాసిన విలువకన్నా తక్కువ వస్తుంది. ప్రోబ్ తీసి, పొగకు దూరంగా, అంకె కదలకుండా నిలిచాకే జీరో నొక్కండి. టెస్టు అయ్యాక మళ్లీ చూడండి. సున్నాకు రాకపోతే ఆ టెస్టు లెక్కలోకి రాదు, మళ్లీ చేయాల్సిందే.

సైలెన్సర్‌కు చిల్లున్నా గాలి కలిసి రీడింగు తగ్గుతుంది. జీరో బాగుంటేనే అటు వెళ్లండి.

జీరో తీసుకోనంటోంది

అద్దాలకు మసి, లేదా తాడిపత్రి బండల దుమ్ము. మెత్తటి పొడిగుడ్డతో తుడిచి, ఫ్యాన్ ఫిల్టర్ దులపండి.

65 రాలేదు, 2.45 వచ్చింది

రెండూ ఒకటే, బీఎస్-4కు ముందటి పాత బళ్ల పరిమితి. మొదటిది హెచ్‌ఎస్‌యూ, అంటే పొగ ఎంత శాతం వెలుతురును ఆపిందో చెప్పేది; రెండోది కే విలువ. పొగలో లైటు వెళ్లే 0.43 మీటర్ల దారికి లెక్క కట్టండి, సరిపోతుంది. మీటర్‌ను తిట్టకండి.

సెన్సర్ బోర్డు, లైటు పోవడం అరుదు. పైవన్నీ చూశాకే సర్వీసుకు ఫోన్ చేయండి.