కుర్ర వారసుడికి పట్టు చిక్కిందా లేదా: వార్తల్లో ఎలా పసిగట్టాలి

తండ్రి పోయి కొడుకు గద్దెనెక్కగానే టీవీల్లో వినిపించే మాట ఒకటే, "కుర్రాడు, నిలబడలేడు, వెనక నుంచి పెద్దవాళ్లే ఆడిస్తారు" అని. 2011 డిసెంబర్‌లో ఉత్తర కొరియా పాలకుడు కిమ్ జాంగ్ ఇల్ చనిపోయినప్పుడు కూడా చాలామంది అదే అన్నారు. అలాంటి అంచనాలు పక్కన పెట్టి మీరే గమనించాలంటే ఎక్కడ చూడాలో ఆ దేశం ఉదాహరణతోనే చెప్తాను.

పదవుల దగ్గర ఎక్కువసేపు ఆగొద్దు. తండ్రి అంత్యక్రియలైన రెండు రోజులకే కొడుకు కిమ్ జాంగ్ ఉన్ సైన్యానికి సుప్రీం కమాండర్ అయ్యాడు, 2012 ఏప్రిల్‌లో అధికార పార్టీ పగ్గాలూ వచ్చాయి. వారసుడికి ఇవి ఎలాగూ వస్తాయి.

అసలు చూడాల్సింది ఫొటోలు. ఆ డిసెంబర్ 28 నాటి అంత్యక్రియల ఫొటో తీయండి. మంచు కురుస్తుంటే నల్ల కారు మీద శవపేటిక, కారు పక్కనే చెయ్యి ఆనించి నడుస్తున్న కొడుకు, అతని వెనకే మేనత్త భర్త జాంగ్ సాంగ్ థేక్, అటు పక్క సైన్యాధిపతి రీ యాంగ్ హో. కారుకి అటూ ఇటూ మొత్తం ఎనిమిది మంది. కిమ్ కాకుండా మిగతా ఏడుగురి పేర్లూ రాసుకుని, తర్వాత ఎవరు ఏమయ్యారో వెతకండి. రీ యాంగ్ హోని 2012 జూలైలో అనారోగ్యం పేరు చెప్పి అన్ని పదవుల నుంచీ తీసేశారు. జాంగ్‌ని 2013 డిసెంబర్ 8న పార్టీ మీటింగ్ మధ్యలోంచే యూనిఫాం వేసుకున్నవాళ్లు రెక్కలు పట్టి లేపుకెళ్లారు, ఆ ఫొటోని ప్రభుత్వ టీవీలోనే చూపించారు, నాలుగు రోజుల్లో చంపేశారు. అతని మీద మోపిన నేరాల్లో ఒకటి, మనసు పెట్టి చప్పట్లు కొట్టలేదని! ఇలాంటివాటిని కొందరు రాజకీయ చతురత అని మెచ్చుకుంటుంటే నాకు ఒళ్లు మండుతుంది.

అందరికీ ఇదే గతి పట్టదు, అదీ గమనించండి. ఆ ఏడుగురిలోనే ప్రచార విభాగం చూసిన కిమ్ కీ నామ్ 2024లో చనిపోతే ప్రభుత్వ లాంఛనాలతో సాగనంపారు. ఆయన చేతిలో సైన్యం లేదు, సొంత వర్గమూ లేదు. కత్తి ముందు పడేది, కొడుక్కి అండగా ఉండమని తండ్రి పెట్టి వెళ్లిన బలవంతుల మీదే.

తర్వాత, నిర్ణయాలు ఎక్కడ జరుగుతున్నాయో చూడండి. తండ్రి సైన్యాన్ని ముందు పెట్టుకుని ఏలితే, కొడుకు 36 ఏళ్లుగా జరగని పార్టీ మహాసభని 2016 మేలో జరిపాడు, ఆ వెంటనే తండ్రి నాటి జాతీయ రక్షణ కమిషన్‌ని రద్దు చేసి దాని స్థానంలో రాజ్య వ్యవహారాల కమిషన్ పెట్టాడు. పాత ఆఫీసు మూతపడితే అందులోని పాత పరిచయాలకూ విలువ పోతుంది.

రక్తసంబంధాన్ని కూడా మరిచిపోవద్దు. సవతి అన్న కిమ్ జాంగ్ నామ్‌ని 2017 ఫిబ్రవరిలో కౌలాలంపూర్ ఎయిర్‌పోర్టులో విషంతో చంపారు, తమకు సంబంధం లేదని ఉత్తర కొరియా అంటుంది. చెల్లెలు కిమ్ యో జాంగ్ మాత్రం ఏటికేడు పైకొచ్చింది.

చివరిగా ఒక జాగ్రత్త. ఫలానావాళ్లని కాల్చేశారు అనే వార్త రాగానే నమ్మేయొద్దు. హ్యోన్ సాంగ్ వోల్ అనే గాయనిని 2013లో చంపేశారని దక్షిణ కొరియా పత్రికలు రాశాయి, 2018 ఒలింపిక్స్ ఏర్పాట్ల కోసం ఆమే స్వయంగా దక్షిణ కొరియాలో దిగింది. ప్రభుత్వ మీడియాలో ప్రకటన వచ్చేదాకా ఆ పేరు పక్కన ప్రశ్నార్థకం పెట్టుకుని ఉంచండి.